చెవుల డాక్టరు సైలెన్సర్ మార్చిన వైనం

ఆయన డాక్టరు కాదు. ఆ మాట అందరికంటే ముందు ఆయనే చెప్తాడు. అయినా ఆ వీధిలో అందరూ ఆయన్ని చెవుల డాక్టరు అనే పిలుస్తారు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది అద్దెకు తీసుకుని, వినికిడి తగ్గినవాళ్ళకు పరీక్ష చేసి, చెవి మిషన్లు అమర్చడం ఆయన పని. ఆ గది గోడలకూ తలుపుకూ లోపలివైపు మందపాటి స్పాంజి అంటించి ఉంటుంది. తలుపు వేస్తే బయట లారీ హారన్ కూడా ఎక్కడో ఈగ గుయ్యిమన్నట్టు వినిపిస్తుంది. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద మీటలున్న పెట్టె, దానికి తగిలించిన హెడ్‌ఫోను. వచ్చినవాళ్ళకు అది పెట్టి, పెట్టెలోంచి సన్నటి కూతలు వినిపిస్తూ, "వినపడగానే చెయ్యెత్తండి" అంటాడు. కొందరు వినపడకపోయినా మొహమాటానికి ఎత్తేస్తారు. "నేనింకా ఏమీ వినిపించలేదండీ" అని ఆయన నవ్వితే వాళ్ళూ నవ్వేస్తారు. అక్కడితో సగం భయం పోతుంది.

కుర్రతనంలో ఆయన రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేశాడు. రేడియోలు వినేవాళ్ళు తగ్గిపోయి, ఈగలు తోలుకుంటూ కూర్చునే రోజుల్లో, ఒకావిడ తన చెవి మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇదీ రేడియో లాంటిదే కదా బాబూ, కాస్త చూడు" అంది. ఆయన దాన్ని పట్టకారుతో విప్పి, లోపల తెగిన తీగ అతికించి, మళ్ళీ మూసి ఇచ్చాడు. ఆవిడ చెవిలో పెట్టుకుని వీధి వైపు తిరిగి, "అబ్బో, ఇంత గోలగా ఉందా బయట!" అంది. అంటూనే మొహం వెలిగిపోయింది. ఆ మొహం చూశాక ఆయనకు వేరే పని చేయబుద్ధి కాలేదు. చదువుకున్నాడు, పరీక్షలు రాశాడు, ఒక పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళు చేసి, ఆఖరికి ఈ స్పాంజి గదిలో స్థిరపడ్డాడు.

భార్య మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. మొక్కలకు అంట్లు కట్టడంలో ఆవిడ చెయ్యి మంచిది. నోరు ఇంకా మంచిది. పొద్దున్నే పలకరిస్తే రెండు చీవాట్లు, ఒక టీ ఇస్తుంది. అత్తగారు పోయాక మామగారు కూడా వీళ్ళింటికే వచ్చేశాడు. ఆయన జీవితమంతా ప్లంబరు. ఇనప గొట్టాలు కోసీ కోసీ, ఆ మిషన్ల రొదకు చెవులు దెబ్బతిన్నాయి. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే తప్ప మాట అందదు. ఒక్క "పైపు" అనే మాట మాత్రం ఎంత దూరంలో అన్నా వినిపిస్తుంది.

చెవుల డాక్టరింట్లో చెవిటి మామగారు. ఊరు నవ్వకుండా ఉంటుందా? డాక్టరు ఎన్నోసార్లు అడిగాడు.

"మామయ్యా, ఒక్కసారి పెట్టుకుని చూడండి. నచ్చకపోతే తీసేద్దాం."

"ఎందుకు అల్లుడూ, వినాల్సినవన్నీ ఎప్పుడో వినేశాను. ఇంక కొత్తగా ఏం చెప్తారు నాకు?"

"నీ చాదస్తం నీదే గాని మా గొంతులు పోతున్నాయి నాన్నా" అనేది కూతురు.

"ఏంటీ?" అనేవాడు ఆయన. ఆ మాట నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక మోటారు సైకిల్. డాక్టరుకు ఉన్నది ఒకటే బండి. పెళ్ళికి ముందు కొన్నది. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు పెట్టె వెనక కట్టుకుని దాని మీదే వెళ్తాడు. ఇంజను రాయిలా గట్టిది. కానీ సైలెన్సర్ కింది అతుకు దగ్గర తుప్పు తిని, చిల్లు పడి, గొంతు పోయినవాడు కేకలేసినట్టు బర్రుబర్రుమనేది. వీధి మొదట్లో ఉండగానే ఆయన వస్తున్నాడని ఇంట్లో తెలిసిపోయేది.

"పగలంతా చెవిటివాళ్ళకి చెవులు పెడతారు. సాయంత్రానికి వీధి మొత్తానికి చెవుడు తెప్పిస్తారు. గిరాకీ తగ్గకుండా మంచి ఏర్పాటే" అంది భార్య ఒకరోజు.

మార్చాలని డాక్టరు కూడా అనుకుంటున్నాడు. అయితే పాతదాని బదులు అలాంటిదే ఇంకొకటి వేయించి ఊరుకునేవాడేమో గాని, మధ్యలో డ్రైవింగ్ నేర్పే మాస్టారు వచ్చాడు. తల్లి చెవి మిషన్ కోసం వచ్చిన మనిషి. పని అయ్యాక బయటకొచ్చి తన బండి స్టార్టు చేశాడు. డాక్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెద్ద చప్పుడేం కాదు. నిజానికి ఈయన బండి కంటే తక్కువే. కానీ కింది స్థాయిలో, గుండ్రంగా, చెవుల్లో కంటే ముందు పొట్టలో తెలిసే చప్పుడు. రోజంతా సూదిమొనల్లాంటి కూతలు వినే మనిషికి అది వేసవిలో చల్లటి నీళ్ళు తాగినట్టుంది.

"ఏం పెట్టించారు మాస్టారూ దీనికి?"

"స్టీలు బెండు పైపు, దానికి తగ్గ సైలెన్సర్. ఇంజను దగ్గర్నుంచి చివరిదాకా సెట్టంతా మార్చేశా. తుప్పు పట్టదు, బరువూ తక్కువ."

డాక్టరు వారం తిరక్కుండా అలాంటి సెట్టు తెప్పించాడు. అట్టపెట్టె విప్పి, తళతళలాడే ఆ వంపు గొట్టాన్ని మంచం మీద పరిచిన తువ్వాలు మీద పెట్టుకుని చూసుకున్నాడు. సైలెన్సర్ చివర లోపల చప్పుడు తగ్గించే చిన్న గొట్టం ఒకటి స్క్రూతో బిగించి ఉంది. కావాలంటే తీసుకోవచ్చట. "పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు" అంది భార్య, దుప్పటికి ఎక్కడ గ్రీజు అంటుతుందోనని తువ్వాలు సర్దుతూ.

మర్నాడు ఆ సెట్టు పట్టుకుని డీలరు దగ్గరికి వెళ్ళాడు. అద్దాల షోరూం, చల్లటి గాలి, వరసగా కొత్త బండ్లు. కౌంటర్లో ఉన్నాయన మర్యాదస్తుడే. విషయమంతా విని, మెల్లగా చెప్పాడు.

"మా కంపెనీ సైలెన్సర్ అయితే ఇవాళే వేసిస్తాం సార్. బయట కొన్నది వేయాలంటే బండి ఇక్కడ వదిలి వెళ్ళండి. మనిషి ఖాళీ అయినప్పుడు చేస్తాం. చప్పుడు ఎక్కువైనా, సరిగ్గా కూర్చోకపోయినా మాకు పూచీ లేదు."

"చేసేటప్పుడు నేను పక్కన ఉండొచ్చా?"

"కస్టమర్లని లోపలికి రానివ్వం సార్. ఇదిగో, ఈ అద్దంలోంచి చూడొచ్చు."

అద్దం అవతల మెకానిక్కులు బండ్ల మీద వంగి ఉన్నారు. చేతులు కదులుతున్నాయి గాని చప్పుడు రావడం లేదు. డాక్టరుకు అదేదో నచ్చలేదు. కూలి ఎక్కువనీ కాదు, ఆలస్యమనీ కాదు. తన గదిలో ఆయన ఎవరికి మిషన్ అమర్చినా ముందు విప్పి చూపిస్తాడు, ఇది మైకు, ఇది బ్యాటరీ, ఇక్కడ గులిమి అడ్డం పడితే ఇలా తుడుచుకోండి అని. తన వస్తువును తను అద్దంలోంచి చూడటమేమిటి అనిపించింది. "ఆలోచించి వస్తానండీ" అని వెనక్కొచ్చేశాడు.

ఇంటికి రాగానే భార్యతో, "నేనే మార్చేస్తాను" అన్నాడు.

"మీరా?"

"ఏం, రెండు నట్లు, ఒక బోల్టు, ఒక క్లాంపు. అంతే ఉంది. వెంట్రుకంత తీగలు అతికించేవాణ్ణి, ఇది నాకో లెక్కా?"

"వెంట్రుకంత తీగ తెగితే ఇంకొకటి వేస్తారు. ఈ పైపు విరిగితే?"

"ఇనుము. ఎందుకు విరుగుతుంది?"

అటు వరండాలో కుర్చీలో కునుకుతున్న మామగారు తల తిప్పాడు. "ఏ పైపు?" అన్నాడు.

"బండి పైపు మామయ్యా!" అని డాక్టరు దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పాడు. "మారుద్దామనుకుంటున్నా!"

"పైపు అంటే పైపే. నీళ్ళు పోతే ఏంటి, పొగ పోతే ఏంటి" అని మామగారు లేచి, మంచం కిందనుంచి తన పాత పనిముట్ల సంచీ లాగాడు. ఆ మనిషి అంత చురుగ్గా లేవడం చూసి చాన్నాళ్ళయింది. కూతురు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

సెలవు రోజు పొద్దున్నే ఇంటి పక్క ఖాళీ జాగాలో పని మొదలుపెట్టారు. భార్య పేర్చుకున్న మట్టి కుండీలు ఒక పక్కకు జరిపి, బండి నిలబెట్టి, కింద పాత గోనె పరిచారు. డాక్టరు ముందురోజే నట్ల మీద తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాడు. వెనక సైలెన్సర్ వేలాడే బోల్టు సులువుగానే వచ్చింది. డాక్టరు దాన్ని గిన్నెలో వేసి, "చూశావా?" అన్నట్టు వంటింటి కిటికీ వైపు చూశాడు. కిటికీలో ఎవరూ లేరు.

బెండు పైపు ఇంజనుకు అంటుకునే చోట రెండు స్టడ్లు ఉంటాయి. అంటే ఇంజనులోంచి బయటికి పొడుచుకొచ్చే మరమేకులన్నమాట. వాటి మీద నట్లు. ఎండకీ వానకీ వేడికీ అవి ఎర్రటి ముద్దల్లా అయిపోయాయి. మొదటి నట్టు కీచుమంటూ తిరిగింది. రెండోది కదలనంది. డాక్టరు పానా పట్టుకుని మెల్లగా అటొకసారి ఇటొకసారి నొక్కాడు. మళ్ళీ నూనె పోశాడు.

"అలా బతిమాలితే రాదు అల్లుడూ" అన్నాడు మామగారు. "దానికి బలం చూపించాలి. ఇలా తే." సంచీలోంచి ఒక పొడుగాటి గొట్టం తీసి పానా పిడికి తొడిగాడు. "ఇప్పుడు దీని చివర పట్టుకుని నొక్కు."

"గట్టిగా ఉంది మామయ్యా, భయంగా ఉంది!"

"ఏంటీ?"

"భయంగా ఉందీ!"

"ఆ, అదే, నొక్కు!"

డాక్టరు నొక్కాడు. నట్టు తిరిగింది. వెన్నలా తిరిగింది. ఒక్క క్షణం ఇద్దరి మొహాలూ విప్పారాయి. తర్వాత నట్టు, దాని లోపల విరిగిన స్టడ్డు ముక్క, రెండూ కలిసి టక్కుమని గోనె మీద పడ్డాయి. ఇంజను దగ్గర గోరంత మొండెం మిగిలింది.

డాక్టరు చతికిలబడిపోయాడు. మామగారు వంగి ఆ ముక్క తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయనకు జరిగింది అర్థమైంది.

"తప్పు నాదే అల్లుడూ" అన్నాడు. "నీళ్ళ పైపు లావుగా ఉంటుంది, ఆ బలానికి ఓర్చుకుంటుంది. ఇది పీలది. కాలి కాలి ఉంది."

"నొక్కింది నేను కదా మామయ్యా."

ఇది మామగారికి వినపడలేదు. డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంతలో భార్య టీ గ్లాసులతో వచ్చింది. ఒకసారి బండిని, ఒకసారి వీళ్ళిద్దరినీ చూసింది. ఏదో అనబోయి, తండ్రి చేతిలోని తుప్పు ముక్క చూసి ఆగిపోయింది. గ్లాసులు ఇచ్చి, "నర్సరీ వ్యాను ఖాళీగానే ఉంది. డ్రైవర్ని అడుగుతాను, డీలరు దగ్గరికి దింపుతాడు" అంది. వెళ్తూ వెళ్తూ, "ఇనుమట, ఎందుకు విరుగుతుందట" అని గొణగడం మాత్రం మానలేదు.

అలా డాక్టరు మళ్ళీ ఆ షోరూం మెట్లెక్కాడు. ఈసారి బండి వ్యానులోంచి దిగింది, కొత్త బెండు పైపు, సైలెన్సర్ అట్టపెట్టెలో పక్కనే. కౌంటర్లో ఆయనే ఉన్నాడు. డాక్టరు దాచలేదు. "సొంతంగా విప్పబోయి స్టడ్డు విరగ్గొట్టానండీ. ఆ మొండెం తీసి కొత్తది వేసిస్తే చాలు" అన్నాడు. కౌంటరాయన నవ్వుతాడేమోనని చూశాడు. నవ్వలేదు. "వారానికొకటి వస్తుంది సార్ ఇలాంటిది" అని లోపలికి కబురు పెట్టాడు.

లోపల్నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. జుట్టు గుడ్డలో బిగించి కట్టుకుంది, మోచేతులదాకా నల్లటి మరకలు. వర్క్‌షాపులో పెద్ద మెకానిక్కు ఆమేనట. వంగి ఆ మొండాన్ని వేలితో తడిమి చూసింది.

"కొంచెం బయటికి మిగిలింది, అదృష్టవంతులు. పూర్తిగా లోపల విరిగితే ఇంజను తల విప్పాల్సి వచ్చేది" అంది. తర్వాత డాక్టరు మొహం చూసి, "మీకు చూడాలనుంది కదా సార్?" అంది.

"అద్దంలోంచి చూస్తానమ్మా."

"అద్దంలోంచి ఏం కనపడుతుంది? సైడు షెడ్డులోకి బండి తెస్తాను, అక్కడ వెల్డింగు చేస్తాం. అక్కడికి రావొచ్చు. మంట వైపు మాత్రం చూడకండి."

ఆమె విరిగిన మొండెం మీద ఒక కొత్త నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి రెండింటినీ కలిపి వెల్డింగు చేసింది. నట్టు ఎర్రగా కాలింది. ఎరుపు కాస్త తగ్గేదాకా ఆగి, పానా పెట్టి, అటు కొంచెం ఇటు కొంచెం, డాక్టరు పొద్దున మొదట చేసినట్టే, తొందరేమీ లేకుండా తిప్పింది. మొండెం బయటికొచ్చింది.

"వేడికి పట్టు వదులుతుంది సార్. మీరు చల్లటి ఇంజను మీద బలం వేసుంటారు."

"అవునమ్మా" అన్నాడు డాక్టరు. "మా మామగారు, నేను, ఇద్దరం."

ఆమె నవ్వింది. రెండో స్టడ్డు కూడా తీసేసి, రెండూ కొత్తవి బిగించింది. తర్వాత ఒక సన్నటి ఉలి లాంటిది తీసుకుని ఇంజను రంధ్రం అంచు గీకసాగింది. బొగ్గులా నల్లబడ్డ ఒక రింగు ఊడి వచ్చింది.

"ఇదేంటో తెలుసా?"

డాక్టరు చూశాడు. తెలియదన్నాడు.

"పాత ప్యాకింగు. ఇంజనుకి అతుక్కుపోయి, ఇంజనులో భాగంలాగే కనపడుతుంది. దీని మీదే కొత్తది పెడితే పొగ కారి చంపేస్తుంది. సొంతంగా చేసేవాళ్ళు సగం మంది ఇక్కడే బోల్తా పడతారు."

అది తనకు ఎప్పటికీ తట్టేది కాదని డాక్టరు నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆమె కొత్త పైపు వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఇంక మిగిలింది బిగించడమే. నేను బిగించేయనా, మీరు చేసుకుంటారా?"

డాక్టరు కొత్త పైపు చేతిలోకి తీసుకున్నాడు. "నాకు చేసుకోవాలనే ఉందమ్మా."

"తెలుస్తూనే ఉంది లెండి. అయితే వినండి. ముందే ఏదీ గట్టిగా బిగించకండి. అన్నీ వదులుగా తగిలించి, పైపు తన చోటు తను చూసుకున్నాక, ముందు ఇంజను దగ్గర, తర్వాత మిగతావి. నట్లకి ఈ రాగి గ్రీజు రాయండి, మళ్ళీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఏడిపించవు." ఒక కాగితం ముక్కలో కొంచెం గ్రీజు పొట్లం కట్టి ఇచ్చింది.

బండి మళ్ళీ వ్యానులోనే వేసుకుని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మామగారు అన్నం కూడా తినకుండా, గోనె మీద పనిముట్లన్నీ తుడిచి వరసగా పేర్చి, అల్లుడి కోసం చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు అన్నీ చెప్పాడు, చేతులతో సగం, గట్టిగా అరుస్తూ సగం. పాత ప్యాకింగు సంగతి చెప్పినప్పుడు మామగారు తల పంకించాడు. "మా పనిలోనూ అంతే. పైపు అతుకుకు చుట్టిన పాత పీచు గీకకుండా కొత్తది చుడితే కారుతుంది."

ఇద్దరూ కలిసి తగిలించారు. మామగారు పైపు పట్టుకున్నాడు, డాక్టరు కొత్త ప్యాకింగు పెట్టి నట్లు వేశాడు. పైపు ఇంజను కింద వంపు తిరిగి వెనక్కి వెళ్ళి, సైలెన్సర్ మూతిలో దూరింది. అన్నీ వదులుగా ఉంచి, సర్ది, అప్పుడు ఇంజను దగ్గర నుంచి వరసగా బిగించారు. ఈసారి పానాకు గొట్టం తొడగలేదు. మామగారు ఆ గొట్టాన్ని సంచీలో అడుగున పెట్టేశాడు.

డాక్టరు స్టార్టు చేశాడు. చప్పుడు బాగుంది. లోతుగా, నిండుగా ఉంది. కానీ దాని వెనక ఎక్కడో టిక్కు టిక్కు మని సన్నగా ఇంకో చప్పుడు. ఇంకెవరైనా అయితే పట్టించుకునేవారు కాదు. డాక్టరు చెవులకు అది పంటి కింద రాయి.

"కారుతోంది" అన్నాడు. ఇంజను దగ్గర చెవి పెట్టి, "ఇక్కడే, ఈ నట్ల దగ్గరే" అన్నాడు. ఇంజను ఆపి, కాస్త చల్లారనిచ్చి, నట్లు ఇంకొంచెం బిగించాడు. మళ్ళీ స్టార్టు చేస్తే టిక్కు టిక్కు అలాగే ఉంది.

"ఎక్కడంటావు?" అని అడిగాడు మామగారు.

"ఇక్కడ్నుంచే వస్తోంది మామయ్యా, వినపడుతోంది!"

మామగారు లోపలికెళ్ళి చెంబులో సబ్బు నీళ్ళు కలుపుకొచ్చాడు. బండి ఆపించి, పైపు చల్లబడ్డాక, పాత బ్రష్షుతో ప్రతి అతుకు మీదా నురగ రాశాడు. "ఇప్పుడు ఒక్కసారి స్టార్టు చెయ్యి" అన్నాడు. ఇంజను దగ్గర నురగ కదల్లేదు. వెనక, పైపు సైలెన్సర్లోకి దూరిన చోట మాత్రం బుడగలు పుట్టుకొచ్చాయి, పాలు పొంగినట్టు. చప్పుడు అక్కడ పుట్టి, గొట్టం వెంబడి పాకి ఇంజను దగ్గర వినపడుతోందన్నమాట.

"అరే!" అన్నాడు డాక్టరు. తన చెవులు తనను ఇలా మోసం చేయడం ఆయనకు భలే సరదాగా అనిపించింది. ఆ అతుకును పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి చూస్తే, పైపు లోపలికి పూర్తిగా దూరలేదు. సైలెన్సర్ని అరచేత్తో కొట్టి ముందుకు జరిపి, క్లాంపు మళ్ళీ బిగించి స్టార్టు చేశాడు. టిక్కు టిక్కు లేదు. ఆ నిండు చప్పుడొక్కటే.

"ఆగిందా?" అన్నాడు మామగారు.

"ఆగింది మామయ్యా!"

మామగారు సైలెన్సర్ మీద చెయ్యి పెట్టబోయి, వేడని వెనక్కి తీసుకున్నాడు. సీటు మీద అరచెయ్యి ఆనించి ఆ అదురు చూశాడు.

"నాకు అదీ వినపడలేదు, ఇదీ వినపడలేదు" అన్నాడు.

మామూలుగా అన్నాడు. ఫిర్యాదేం లేదు. డాక్టరు ఇంజను ఆపేశాడు. రాగి గ్రీజు పొట్లం మడత పెడుతున్నాడు.

"అల్లుడూ."

"చెప్పండి."

"ఆ మిషన్ ఒకటి తీసుకురా. బండి విని ఇచ్చేస్తాను."

డాక్టరు చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా కొట్టుకు పరుగెత్తాడు. ఆయన పెట్టెలో మామగారి కోసం ఎంచి పెట్టిన మిషన్ ఎప్పటినుంచో ఉంది. తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, చెవి వెనక అమర్చి, లోపలి మొన సరిచేసి, చిన్న మీట తిప్పుతూ మెల్లగా పెంచాడు. ఎంతమందికి పెట్టి ఉంటాడు ఈ చేతులతో! ఈ ఒక్కసారి మాత్రం అమర్చిందాన్ని మళ్ళీ రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"వినపడుతోందా మామయ్యా?" అన్నాడు మామూలు గొంతుతో.

మామగారు తల వంటింటి కిటికీ వైపు తిప్పాడు. లోపల కూతురు గిన్నెలు సర్దుతూ తనలో తను అనుకుంటోంది: "పొద్దుట్నుంచి ఇద్దరికీ తిండీ తిప్పలూ లేవు. మా నాన్న సంగతి సరేసరి, చెప్తే వినడు, చెప్పకపోతే అలుగుతాడు, మొండిఘటం..."

"ఎవరే మొండిఘటం?" అన్నాడు మామగారు.

లోపల గిన్నె ఒకటి కింద పడింది. ఆ చప్పుడుకు మామగారు ఉలిక్కిపడ్డాడు. కూతురు కిటికీ దగ్గరికొచ్చి, తండ్రి చెవి వెనక ఉన్నది చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు.

"ఇన్నాళ్ళూ ఇలాగే తిడుతున్నావా నన్ను?"

"రోజూ" అంది ఆవిడ. "నీకు వినపడదని ధీమాగా తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ సుఖం కూడా పోయింది."

డాక్టరు బండి స్టార్టు చేశాడు. మామగారు దగ్గరికొచ్చి నిలబడి విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "బాగుంది. నీళ్ళ ట్యాంకు నిండేటప్పుడు చివర్లో ఇలాగే ఉంటుంది" అన్నాడు. అంతకంటే మంచి పోలిక డాక్టరుకు కూడా దొరకలేదు.

ఊరుకోక, ఆ చప్పుడు తగ్గించే చిన్న గొట్టం కూడా తీసి ఒకసారి వినాలనిపించింది ఆయనకు. స్క్రూ విప్పి తీసి, స్టార్టు చేశాడు. కుండీల మీద దుమ్ము లేచింది. మామగారు రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఆపు, ఆపు!" అని అరిచాడు. ఎదురింటి గుమ్మంలోకి ఎవరో వచ్చి చూశారు. డాక్టరుకు లోపల్లోపల ఎంత బాగుందో చెప్పలేం. అయినా చప్పుడు కొలిచే తన మీటరు తెచ్చి చూసుకుని, చెవులకు ఏది మంచిదో నలుగురికీ చెప్పే మనిషిని కదా అనుకుని, బుద్ధిగా గొట్టం మళ్ళీ పెట్టేశాడు. స్క్రూ గట్టిగా బిగించాడు.

మిషన్ మామగారు తిరిగి ఇవ్వలేదు. ఇవ్వమని ఎవరూ అడగలేదు. మొదటి రోజుల్లో గోలగా ఉందని గొణిగాడు. ఫ్యాను మోత, కుళాయి కారడం, చెప్పుల చప్పుడు, అన్నీ ఆయనకు కొత్తగా చిరాకు పెట్టాయి. కారే కుళాయిని మాత్రం ఆ రోజే బాగుచేశాడు. ఇప్పుడు సాయంత్రాల్లో అల్లుడి కొట్టుకు వెళ్ళి, కళ్ళజోళ్ళ దుకాణం బెంచీ మీద కూర్చుంటాడు. పరీక్షకు రావాలా వద్దా అని గుమ్మం దగ్గరే తచ్చాడే ముసలివాళ్ళతో మాట కలిపి, "నేనూ నీలాగే మొండికేశాను, రా, కూర్చో" అంటాడు. డాక్టరు ఎంత చెప్పినా లోపలికి రానివాళ్ళు ఈయన మాటకు వస్తున్నారు.

బండి సంగతి కూడా చెప్పాలి. డాక్టరుకు ఆ తర్వాత కాస్త పిచ్చి పట్టింది. ఆయిలు తనే మారుస్తాడు. ఎయిర్ ఫిల్టరు తనే దులుపుతాడు. విప్పేముందు ఇంజను కాసేపు నడిపించి వేడి చేస్తాడు. ఎక్కడైనా అనుమానం వస్తే షోరూంకు వెళ్ళి ఆ మెకానిక్కామెను అడుగుతాడు. ఆమె ఒకసారి తన తల్లిని పరీక్షకు తీసుకొచ్చింది. ఆ రోజు ఆమెను కూడా స్పాంజి గదిలో కూర్చోబెట్టి, మిషన్ విప్పి లోపలివన్నీ చూపించాడు. ఇద్దరూ అలా కబుర్లలో పడితే, పాపం ఆ తల్లి హెడ్‌ఫోను పెట్టుకుని, చెయ్యి ఎప్పుడు ఎత్తాలో తెలియక చాలాసేపు కూర్చుంది.

ఈమధ్య వెనక బ్రేకు పట్టడం తగ్గింది. డాక్టరు, మామగారు ఇద్దరూ గోనె పరుచుకుని చక్రం ముందు కూర్చున్నారు. విప్పుదామా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"ఇదేమంత పని కాదు మామయ్యా."

"కాదనుకో. అయినా బ్రేకు కదా."

"అదే ఆలోచిస్తున్నా."

భార్య గుమ్మంలోంచి చూసింది. "చప్పుడుకి సంబంధించినవేవైనా మీ ఇష్టం" అంది. "బండి ఆగడానికి సంబంధించినవి మాత్రం ఆ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళండి. వెనక కూర్చునేది నేను."

ఇద్దరూ బుద్ధిగా లేచారు. డాక్టరు బండి తీశాడు, మామగారు వెనక ఎక్కాడు. అద్దాల షోరూం దాకా, అక్కడ ఆమె బ్రేకు సరిచేశాక కాసేపు అనవసరంగా అటూ ఇటూ, మామూలు గొంతులతో మాట్లాడుకుంటూ తిరిగొచ్చారు.